నువ్వెవరివి అడగడానికి?

1977 జనవరి మొదటి వారం. బొంబాయిలో, వర్లీలో మీకో చిన్న హోటలుంది. హోటలంటే గదులున్నది కాదు. పొద్దున్న ఇడ్లీ, వడ, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం మళ్ళీ టీలు. మిల్లులో షిఫ్టు మారే వేళకి బెంచీలన్నీ నిండిపోతాయి. గ్రేడుల లెక్కలో మీది రెండో తరగతి కాదు, అంతకన్నా కిందిది. ఆ సంగతి మీకు తెలుసు, గిరాకీలకి అక్కర్లేదు.

గల్లాపెట్టె దగ్గర కూర్చుని పేపరు తిరగేస్తున్నారు. ఎమర్జెన్సీ ఇంకా ఎత్తెయ్యలేదు కాబట్టి పేపర్లో చదవడానికి పెద్దగా ఏమీ ఉండదు. వార్తలయ్యాక కళ్ళు ప్రకటనల మీదికి పోతాయి. అక్కడ కనిపించిందొకటి. శాంతాక్రజ్ విమానాశ్రయంలో రెండో తరగతి రెస్టారెంటు ఒకటి, చిరుతిళ్ళ బార్లు రెండు పెట్టి, మూడేళ్ళపాటు నడిపేవాళ్ళు కావాలి. టెండర్లు పిలుస్తున్నది ఇంటర్నేషనల్ ఎయిర్‌పోర్ట్ అథారిటీ. కేంద్ర ప్రభుత్వ సంస్థ.

విమానాశ్రయం! పొద్దూ రాత్రీ తేడా లేకుండా జనం వచ్చిపోయే చోటు. వంటవాళ్ళు మీకున్నారు. అప్పిచ్చే సేఠ్ ఉన్నాడు. ఇంకో గ్లాసు టీ తెప్పించుకుని ప్రకటన మళ్ళీ మొదట్నించీ చదివారు. అప్పుడు కనబడింది షరతు. టెండరు వేసేవాళ్ళు రిజిస్టరైన రెండో తరగతి హోటలు యజమానులై ఉండాలి, కనీసం ఐదేళ్ళ అనుభవం ఉండాలి. అనుభవం మీకు ఐదేళ్ళకి మించే ఉంది. లేనిది ఆ రిజిస్ట్రేషన్. సర్కారువాళ్ళు రాశారంటే రాసినట్టే అనుకున్నారు. పేపరు మడిచి పక్కన పెట్టి, వచ్చిన గిరాకీకి చిల్లర లెక్కపెట్టారు.

ఇక్కడ మీరు చేసిన తప్పేమీ లేదు. నిబంధన చదివారు, నమ్మారు, ఊరుకున్నారు.

జనవరి 25. వారం కిందటే ఇందిరాగాంధీ లోక్‌సభ ఎన్నికలు ప్రకటించారు, నగరమంతా ఆ గుసగుసలే. టెండర్లకి గడువు మధ్యాహ్నం పన్నెండు గంటలు. పన్నెండున్నరకి కవర్లు తెరుస్తారు. మీరు టెండరు వేయలేదు కాబట్టి ఆ గదిలో మీకు పని లేదు. అయినా రండి, ఓ మూల నిలబడి చూద్దాం.

ఆరు కవర్లు వచ్చాయి. ఒక్కొక్కటీ విప్పుతుంటే అందులో ఏదో ఒకటి తక్కువగా ఉంటోంది. చివరికి ఐదు అసంపూర్ణమని తేలాయి. అన్నీ సరిగా నింపి ఉన్నది ఒకే ఒక్కటి. ఫీజు కూడా దానిదే ఎక్కువ, నెలకి 6,666 రూపాయల 66 పైసలు. రోడ్డు కాంట్రాక్టుల్లో తక్కువకి వేసినవాడిది పని. ఇక్కడ డబ్బు కట్టేది హోటలువాడు కాబట్టి ఎక్కువకి పాడినవాడిదే.

కానీ ఈ ఆరోవాడిది కూడా రెండో తరగతి హోటలు కాదు! క్యాంటీన్లు నడిపాడు, వంటకాలు సరఫరా చేశాడు, అదీ పదేళ్ళ అనుభవం. మంచి అనుభవమే. ప్రకటనలో అడిగింది మాత్రం అది కాదు. అధికారులకీ ఆ సంగతి తట్టింది. రెండో తరగతి హోటలు రిజిస్ట్రేషన్ కాగితం చూపించమని ఉత్తరం రాశారు. జవాబులో ఆ కాగితం లేదు. మాకు క్యాటరింగ్‌లో చాలా అనుభవముందని మళ్ళీ అదే మాట ఉంది. ఫైలు కదిలింది. మార్చిలో ఎమర్జెన్సీ పోయింది, ఢిల్లీలో మొరార్జీ దేశాయ్ ప్రభుత్వం వచ్చింది. శాంతాక్రజ్ ఫైలుకి ఇవేవీ అడ్డం రాలేదు. ఏప్రిల్ 19న ఆ టెండరు ఖాయమైంది.

ఈ కబురు మీ చెవినపడ్డ రోజు మీ మనసెలా ఉంటుందో ఊహించుకోండి. టికెట్ లేదని మిమ్మల్ని బస్సు దింపేసిన కండక్టరు, టికెట్ లేని ఇంకొకణ్ణి కిటికీ పక్క సీట్లో కూర్చోబెట్టాడు. మీకు టికెట్ లేనిమాట నిజమే. ఇప్పుడు మీ ఫిర్యాదు టికెట్ గురించి కాదు కదా. టికెట్ అక్కర్లేదని ముందే చెప్పి ఉంటే నేనూ ఎక్కేవాణ్ణి, అదీ మీ గోడు.

మీరింకా గొణుక్కుంటూనే ఉన్నారు. ఒకాయన కోర్టుకెక్కాడు. పేరు రమణ దయారాం శెట్టి. ఆయనా టెండరు వేయలేదు. ఆయనకీ ఆ అర్హత లేదు. 1977 నవంబరు 8న బొంబాయి హైకోర్టులో రిట్ వేశాడు. సింగిల్ జడ్జి కొట్టేశారు. డివిజన్ బెంచికి పోతే అక్కడా అదే అయింది. ఇక మిగిలింది ఢిల్లీ.

సుప్రీంకోర్టు. పాస్ చూపించి, సందర్శకుల బెంచీ మీద ఇరుక్కుని కూర్చోండి. పైన ముగ్గురు న్యాయమూర్తులు పి.ఎన్. భగవతి, వి.డి. తుల్జాపుర్కర్, ఆర్.ఎస్. పాఠక్. ఎదురుగా నల్లకోట్ల వరస, బల్లల మీద ఎర్రటేపు కట్టిన కాగితాలు. దేశంలో ఇన్ని పెద్ద విషయాలుండగా వడా సమోసా అమ్మే కౌంటరు గురించి ముగ్గురు న్యాయమూర్తులు కూర్చోవడమేమిటని మీ పక్కాయన నవ్వుకోవచ్చు. నవ్వనివ్వండి. ఈ దేశంలో టెండర్ల మీద పడిన పెద్ద కేసుల్లో చాలావాటిలో ఇవాళ్టికీ ఈ వడల కేసు పేరు వినిపిస్తుంది.

అథారిటీ వాదన వినండి. రెండో తరగతి అన్న గ్రేడు హోటలుకే గాని మనిషికి ఉండదు, కాబట్టి ‘రిజిస్టరైన రెండో తరగతి హోటలువాడు’ అన్న మాటకే అర్థం లేదంది. ఆ షరతు చట్టంలోది కాదు, మేం రాసుకున్నదే, మేమే సడలించుకోగలమంది. ఇవి రెండూ అయ్యాక అసలు బాణం తీసింది. ఈ పిటిషనర్ ఎవరు? టెండరు వేశాడా? లేదు. అర్హత ఉందా? లేదు. మరి ఈయనకేమిటి సంబంధం? కోర్టుల్లో దీన్ని లోకస్ అంటారు. అడిగే హక్కు నీకుందా అన్న ప్రశ్న అది. మన ఊరి రచ్చబండ మీదా ఇదే ముందు వినబడుతుంది: నువ్వెవరివి అడగడానికి?

1979 మే 4. తీర్పు భగవతి రాశారు. ఇంటి యజమాని తన ఇల్లు నచ్చినవాడికి అద్దెకిచ్చుకోవచ్చు, నచ్చకపోతే మానుకోవచ్చు. ప్రభుత్వం అలా చేయడానికి వీల్లేదు. కాంట్రాక్టులు, లైసెన్సులు, కోటాలు పంచేటప్పుడు అది అందరినీ సమానంగా చూడాలి. ఎయిర్‌పోర్ట్ అథారిటీ కూడా రాజ్యాంగం దృష్టిలో ప్రభుత్వమే, 14వ అధికరణం దానికీ వర్తిస్తుంది. ఒకసారి ప్రమాణం పెట్టి లోకానికి చెప్పాక, పెట్టినవాళ్ళే దాన్ని పాటించాలి, పాటించకపోతే ఆ పని చెల్లదు. రెండో తరగతి హోటలు నడిపేవాడని ఆ షరతుకి తేటతెల్లమైన అర్థమే ఉంది, లేదని బుకాయించడం కుదరదు.

ఇక మీ సంగతి. అవును, మీదే. షరతు సడలిస్తారని తెలిస్తే టెండరు వేసి ఉండే మనిషి, షరతు నమ్మి ఊరుకున్నాడు. సమాన అవకాశం పోయింది కాబట్టి అతనికీ ఫిర్యాదు చేసే హక్కుందని కోర్టు ఒప్పుకుంది. టెండరు వేయకపోయినా, అర్హత లేకపోయినా సరే. గల్లాపెట్టె దగ్గర పేపరు మడిచి పెట్టిన ఆ క్షణాన్ని సుప్రీంకోర్టు లెక్కలోకి తీసుకుంది. మీరు బెంచీ మీద కొంచెం నిటారుగా కూర్చోవచ్చు.

ఎక్కువసేపు కాదు. తీర్పు చివరి పేజీలకొచ్చేసరికి గాలి మారింది. శెట్టి ఐదు నెలలకి పైగా ఆలస్యంగా వచ్చాడు. ఈలోగా టెండరు దక్కినవాడు సామాన్లకీ అమరికలకీ సుమారు 1,25,000 రూపాయలు పెట్టేశాడు. 1977లో అది చిన్న మొత్తం కాదు. పైగా, అంతకుముందు ఆ విమానాశ్రయంలో క్యాంటీన్ నడుపుతూ ఖాళీ చేయనని సివిల్ కోర్టుల్లో పోరాడుతున్న ఒకాయన ఉన్నాడు. ఆ దావాలు నిలబడకపోవడంతో ఈ పిటిషన్ పుట్టిందని, శెట్టికి ఇందులో సొంత ఆసక్తి ఏమీ లేదని, వెనక ఆ పాత క్యాంటీనాయన ఉన్నాడని కోర్టుకి అనిపించింది. అప్పీలు కొట్టేశారు. చేసింది తప్పే, కానీ కాంట్రాక్టు రద్దు చెయ్యం. ఇదీ తీర్పు.

ఆలస్యం మాటకి నేను ఒప్పుకుంటాను. ఎదుటివాడు డబ్బు పోసి పొయ్యిలు పెట్టుకునేదాకా ఆగి, అప్పుడు ఆపమనడం న్యాయం కాదు. వెనక ఎవరున్నారన్నదాన్ని బట్టి ఉపశమనం కాదనడం మాత్రం నాకు మింగుడుపడదు. టెండరు నోటీసులు సరదాకి చదివేవాళ్ళెవరు? చదివేది పోటీదారు, ఓడినవాడు, ఖాళీ చేయాల్సిన పాతవాడు. తప్పు బయటపెట్టే ఓపికా ఖర్చూ వాళ్ళకే ఉంటాయి. ఎవరు తెచ్చాడన్నదానికంటే తెచ్చిన కాగితంలో ఏముందన్నది ముందు చూడాలి. శెట్టి వెనక ఎవరున్నా, రెండో తరగతి రిజిస్ట్రేషన్ కాగితం ఫైల్లో లేదన్న సంగతి మారదు కదా.

అడిగే హక్కుకున్న ఈ తలుపుని భగవతిగారే తర్వాత ఇంకా వెడల్పుగా తెరిచారు. 1981 డిసెంబరులో న్యాయమూర్తుల బదిలీల కేసు, ఎస్.పి. గుప్తా కేసులో, ప్రజల హక్కుకి దెబ్బ తగిలినప్పుడు సొంత నష్టం లేని పౌరుడూ సదుద్దేశంతో కోర్టుకి రావచ్చన్నారు. ఆ బాటలో ఎంత దూరం పోవచ్చో చూడాలంటే 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టులో ఉండాలి. 2జీ స్పెక్ట్రం కేసు. పిటిషనర్లు టెలిఫోన్ కంపెనీలు కావు. ఒక స్వచ్ఛంద సంస్థ, ఒక రాజకీయ నాయకుడు. వాళ్ళెవరూ లైసెన్సు అడగలేదు. 122 లైసెన్సులు ఒక్క దెబ్బతో రద్దయ్యాయి. రెండేళ్ళకి, 2014లో, ఒక న్యాయవాది మరికొందరితో కలిసి వేసిన వ్యాజ్యాల మీద 214 బొగ్గు గనుల కేటాయింపులు పోయాయి. గని కావాలని ఆయనెప్పుడూ దరఖాస్తు పెట్టలేదు.

ఇది చూసి తలుపు బార్లా తెరిచి ఉందనుకునేరు. హైదరాబాద్ కంపెనీ ఐవీఆర్ కన్‌స్ట్రక్షన్ పక్కన ఒకసారి కూర్చుని చూడండి. మహారాష్ట్ర విద్యుత్ బోర్డు థర్మల్ కేంద్రానికి పెద్ద పైపుల పని పిలిచింది. పని రౌనక్ ఇంటర్నేషనల్‌కి దక్కింది. రౌనక్‌కి అర్హతలు పూర్తిగా లేవని మనవాళ్ళు పట్టుకున్నారు, పట్టుకున్నది నిజమే. బొంబాయి హైకోర్టులో స్టే కూడా దొరికింది. 1998 చివర సుప్రీంకోర్టు వాళ్ళనడిగింది ఒకటే: మీకున్నాయా ఆ అర్హతలు? వాళ్ళకీ పూర్తిగా లేవు. సడలింపు ఇద్దరికీ సమానంగా దొరికినప్పుడు ఒకరి మీద ఒకరికి ఫిర్యాదేమిటంది కోర్టు. స్టే తెచ్చి పని ఆపితే ఆలస్యానికయ్యే ఖర్చు ఎవరు కట్టాలో కూడా ఆలోచించమంది. శెట్టి కేసుతో పోల్చి చూడండి. అక్కడ అర్హత లేనివాడికి ఫిర్యాదు హక్కు వచ్చింది, ఎందుకంటే అతను బయటే ఆగిపోయాడు. ఇక్కడ పోయింది, ఎందుకంటే ఇతను లోపలికొచ్చాడు. ఈ రెండూ పొసగవని వాదించే లాయర్లున్నారు. నా మటుకు నాకు పొసగుతాయనే అనిపిస్తుంది.

పోటీదారుల ఫిర్యాదుల మీద ఆ తర్వాత గాలి ఒకవైపే వీచింది. 2006లో జగదీశ్ మండల్ కేసులో సుప్రీంకోర్టు, ఓడినవాడు పోటీ అక్కసుతో కోర్టుకొస్తే పట్టించుకోనక్కర్లేదని, నష్టముంటే సివిల్ కోర్టులో పరిహారం అడుక్కోవచ్చని చెప్పేసింది. టెండరు ఇచ్చిన తీరులో దురుద్దేశమో పక్షపాతమో మరీ అసంబద్ధమైన నిర్ణయమో ఉండాలి, ప్రజా ప్రయోజనానికి దెబ్బ తగలాలి. లేకపోతే తప్పున్నా కోర్టు వేలు పెట్టదు. 2018లో పార్లమెంటు చట్టం మార్చి, మౌలిక సదుపాయాల ప్రాజెక్టులు ఆగేలా సివిల్ కోర్టులు ఇంజంక్షన్ ఇవ్వకూడదని రాసింది. తమిళనాడులో టెండర్లకి 1998లోనే ప్రత్యేక చట్టం చేసుకున్నారు. అందులో ప్రభుత్వానికి అప్పీలు చేసుకునే దారి ఉంది, గడువు పది రోజులు, చేసుకోవాల్సింది మాత్రం టెండరు వేసినవాడే. మన వర్లీ హోటలాయనకి అందులో చోటు లేదు.

అమెరికావాళ్ళు దీన్ని ఇంకా ఖచ్చితంగా కొలుస్తారు. 1984 చట్టం ప్రకారం అభ్యంతరం చెప్పాలంటే టెండరు వేసినవాడై ఉండాలి, లేదా వేయబోయేవాడై ఉండాలి, ఫలితం వల్ల అతని జేబుకి నేరుగా తేడా పడాలి. చంద్రుడి మీద దిగే నౌక కాంట్రాక్టు 2021 ఏప్రిల్‌లో నాసా స్పేస్‌ఎక్స్‌కి ఇచ్చింది. బ్లూ ఆరిజిన్ టెండరు వేసింది, ఓడింది, కోర్టుకెళ్ళింది. నవంబరులో అక్కడి కోర్టు, నువ్వు చెప్పిన తప్పులన్నీ సరిదిద్దినా నీకా పని దక్కే గట్టి అవకాశం లేదు కాబట్టి అడిగే హక్కే నీకు లేదంది. ప్రపంచంలోని అతి పెద్ద ధనవంతుల్లో ఒకడి కంపెనీకి ఎదురైన ప్రశ్నా అదే: నువ్వెవరివి?

2019లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన చట్టమొకటి ఈ ప్రశ్నని తలకిందులు చేసింది. 100 కోట్లు, ఆపైన ఉండే మౌలిక పనుల టెండరు పత్రాలని, టెండరు పిలవకముందే ఒక హైకోర్టు మాజీ న్యాయమూర్తి ముందు పెట్టాల్సి వచ్చేది, వారం రోజులు జనం ముందూ పెట్టాల్సి వచ్చేది. ఎవరైనా అభ్యంతరం రాసే వీలుండేది. కాంట్రాక్టరే కావాల్సిన పని ఉండేది కాదు. దాన్ని తెచ్చిన రాజకీయాలు, అది ఎంతవరకు పనిచేసిందన్నది వేరే చర్చ. నాకు నచ్చింది దానిలోని వరస. ముందు మాట చెప్పు, పేరు తర్వాత.

ఇప్పుడు వర్లీ నుంచి ఇటు రండి. ఈసారి మీరు కాంట్రాక్టరు. గుంటూరులోనో వరంగల్లోనో మీ ఆఫీసు గది, కంప్యూటరు తెర మీద ఈ-ప్రొక్యూర్‌మెంట్ పేజీ. ఉమ్మడి రాష్ట్రంలో ఇది 2003లో మొదలైంది. అప్పటినుంచీ టెండరు బాక్సు దగ్గర మనుషుల్ని నిలబెట్టి కవరు వేయనివ్వని రోజులు చాలావరకు పోయాయి. మీ టెక్నికల్ బిడ్ పక్కన అనర్హత అని పడింది. మీకన్నా తక్కువ టర్నోవరు ఉన్నవాడి పక్కన అర్హుడని ఉంది. ఎవరో ఫోను చేసి, నీ పేరు మీద రిట్ వేద్దాం, ఖర్చు నేను పెట్టుకుంటానంటున్నాడు. ఆగండి. నేలపాడు హైకోర్టులోనైనా హైదరాబాద్ హైకోర్టులోనైనా ప్రభుత్వ ప్లీడరు మొదట లేచి అడిగేది మీ గురించే. శెట్టి ఎక్కడ ఓడిపోయాడో గుర్తుంది కదా.

షరతు వంకరగా ఉందనిపిస్తే, బిడ్ వేయక ముందే రాతపూర్వకంగా అడగండి. ప్రీబిడ్ సమావేశం ఉందేమో చూడండి, ఉంటే వెళ్ళి అక్కడే చెప్పండి, జవాబు కాగితం మీద తీసుకోండి. మీకు అర్హత లేక వేయకపోతే, ఆ కారణాన్ని కూడా ఒక ఉత్తరంలో రాసి పంపండి. రేపు షరతు సడలిస్తే మీ దగ్గర రుజువుంటుంది. తిరస్కరిస్తే కారణం అడగండి. పని మొదలవకముందే కోర్టుకి వెళ్ళండి. సొంత ఖర్చుతో, సొంత పేరుతో వెళ్ళండి.